మునస్వామి కొలత

"లాభం... రెండు... మూడు..."

పోలేరమ్మ వంచిన బక్కెట్టులోంచి పాలు దిగుతుంటే మునస్వామి చూపు కొలత అంచు మీదనే ఉంది. ఇంకొక్క చుక్క పడితే పొర్లుతుందనే చోట పాలు ఆగాలి. ఆగాయి. అతను మణికట్టు తిప్పి క్యానులోకి ఒంపి, కొలతను బోర్లించి కాసేపు అట్లాగే పట్టుకున్నాడు. అడుగున అంటుకున్న చివరి చుక్క కూడా జారిపడ్డాకే మళ్లీ నిటారుగా ఎత్తాడు. ఒకరి చుక్క ఇంకొకరి కొలతలో కలవకూడదని అతని పట్టుదల. వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు ఇంటి దగ్గర పనులు ఆగిపోతున్నాయని ఎంత విసుగొచ్చినా, ఆ చుక్క గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు.

ఒకటి అని కొలత మొదలుపెట్టే అలవాటు అతనికి లేదు. కళ్లాల్లో వడ్లు కొలిచిన చెయ్యి అది. మొదటి మానిక లాభం, ఆ తర్వాతే రెండు. వడ్లు పోయి పాలు వచ్చినా, మానికలు పోయి లీటర్లు వచ్చినా ఆ మాట మారలేదు. ఐరాల నుంచి కాణిపాకం పోయే దారిలో ఉన్న ఆ పల్లెకు పాలకేంద్రం వచ్చి పదిహేడేళ్లయింది. పదిహేడేళ్లుగా రెండు పూటలా అక్కడ వినిపించేది మునస్వామి గొంతే.

మూడు నిండాక పోలేరమ్మ బక్కెట్టులో మిగిలినవి అర కొలతకు ఒకసారి, పావు కొలతకు ఒకసారి వచ్చాయి.

"మూడూముప్పావు," అన్నాడు మునస్వామి. పక్కన బల్ల దగ్గర కూర్చున్న ధనంజయ పుస్తకంలో రాసుకున్నాడు. ధనంజయ కేంద్రానికి ఏజెంటు. నలభై ఏళ్లవాడు, ఇస్త్రీ చొక్కా మనిషి.

"ఇంట్లో సెంబుతో కొలిస్తే నాలుగు నిండింది గదా మునస్వామీ," అంది పోలేరమ్మ.

"నురగమ్మా. నురగ అణిగితే అంతే."

"నీ చెయ్యి కాబట్టి గమ్మునుండాను. ఇంకొకడైతే బక్కెట్టు నెత్తిన బోర్లించుందును," అని ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. వరసలో నవ్వులు లేచాయి.

పోలేరమ్మ తర్వాత ఇద్దరు, ఆ తర్వాత నాగులమ్మ. నాగులమ్మ మునస్వామి భార్య. ఆమె బక్కెట్టు వంచినా అతని చూపు అంచు మీద నుంచి కదలదు, చివరి చుక్క కోసం ఆగడం తగ్గదు. ఆమెకూ ఇంట్లో కొలిచినదానికి ఇక్కడ పావో అరపావో తగ్గుతుంది. నురగేనని ఆమెకూ చెప్పాడు. మొగుడు కొలిచేవాడైతే పెళ్లానికి పావు కలిసొస్తుందనుకుంటారు లోకంలో. నాగులమ్మకు కలిసొచ్చింది నురగ ఒక్కటే.

క్యాను నలభై లీటర్లది. ముప్పై ఏడు కొలతలకు మెడ దాకా వచ్చేస్తుంది. ఎందుకట్లాగని మునస్వామి ఒకసారి అడిగాడు. వ్యాను ఎక్కించి దించి క్యాన్లన్నీ సొట్టలు పడ్డాయి, అందుకే పట్టడం లేదని ధనంజయ చెప్పాడు. ఒకరోజు మునస్వామి ఓపిగ్గా కూర్చుని కొయ్య సుత్తితో ఒక క్యాను సొట్టలన్నీ లోపల నుంచి కొట్టి తీశాడు. మరునాడు కూడా ముప్పై ఏడే పట్టింది. చదువుకున్నవాడికి తెలియనిదా అని ఊరుకున్నాడు.

వ్యాను వచ్చి క్యాన్లు ఎక్కించుకుపోయాక మునస్వామి కొలతలు మూడూ తువ్వాలులో కట్టుకుని ఇంటిదారి పట్టాడు. లీటరుది, అరది, పావుది. రోజూ పొద్దునపూట అయ్యాక ఇంటికి తీసుకెళ్లి బూడిద, చింతపండు వేసి తోమి, ఎండకు బోర్లించి, సాయంత్రం తీసుకురావడం అతని పద్ధతి. కేంద్రం దగ్గర బోరు నీళ్లతో కడిగితే పాలవాసన పోదని అతని నమ్మకం. ఇది ఎవరూ చెప్పిన పని కాదు.

అరవై దాటిన మనిషి. సన్నం, పొడుగు. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. కొన్నేళ్లుగా ఆ భుజం సలుపుతోంది. కొలత ఎత్తినప్పుడు వెనకటికంటే బరువు తోస్తోంది. వయసు మీద పడింది మరి, భుజం మాత్రం ఎన్నాళ్లు మోస్తుంది అనుకుని, రోజూ పడుకోబోయేముందు నువ్వుల నూనె రాసుకుంటాడు.

ఆ రోజు ఆదివారం. బడి లేదు. ఇంటి ముందు తిన్నె మీద మనవరాలు జెస్సీ అప్పటికే తొట్టి నిండా నీళ్లు పోసి, చుట్టూ ప్లాస్టిక్కు సీసాలు పేర్చుకుని కూర్చుంది. ఏడేళ్ల పిల్ల, రెండో తరగతి. కొడుకు మునిచంద్ర, కోడలు సంతోషమ్మ తిరుపతిలో అలిపిరి దగ్గర ఒక సత్రంలో పని చేస్తారు. ఇద్దరికీ పనివేళలు కుదరక పిల్లను ఇక్కడ వదిలారు. పేరు సంతోషమ్మ పుట్టింటివాళ్ల చర్చిలో పెట్టింది. మునస్వామికి నోరు తిరగడానికి ఏడాది పట్టింది. అలవాటయ్యాక, ఆ పేరు తలవకుండా పూట గడవదు.

పిల్లకు అతను నేర్పగలిగిన చదువు ఒక్కటే. తిన్నె ఎన్ని జానలు, గుమ్మం ఎన్ని మూరలు, ఆవు ముట్టె నుంచి తోక దాకా ఎన్ని బార్లు. కొబ్బరిచిప్పతో ఎన్నిసార్లు పోస్తే కడవ నిండుతుంది. ఆటకు ఒకటే కట్టుబాటు. ముందు కంటితో చూసి చెప్పాలి, తర్వాత చేత్తో కొలవాలి. కన్ను ఓడితే ఓడినవాళ్లు గెలిచినవాళ్లను గడప దాకా మోయాలి. జెస్సీ ఓడినా మోసేది మునస్వామే. కొలిచేటప్పుడు ఆ పిల్ల కూడా లాభం, రెండు, మూడు అనే అంటుంది. బడిలో టీచరు ఒకటి అనమని రెండుసార్లు తల మీద మొట్టింది. బడిలో ఒకటి అను, ఇంట్లో లాభమను అని తాత తీర్పు చెప్పాడు.

"తాతా, ఇది లీటరు సీసా అంటా. టీచరు తెమ్మనింది. రోడ్డులో ఏరుకొచ్చినా," అని జెస్సీ ఒక సీసా చూపించింది. కాణిపాకం పోయే బస్సుల్లోంచి, కార్లలోంచి జనం తాగి పారేసే సీసాలు. "దీంట్లో నీ కొలత ఎన్ని పడతాది?"

"ఒకటే. నీది లీటరు, నాదీ లీటరు."

"కంటితో చెప్పినావా?"

"కన్నెందుకు? ఇది ఎరిగున్న లెక్కే."

జెస్సీ లీటరు కొలత నిండా నీళ్లు ముంచి సీసాలో పోసింది. సీసా మూతి దాకా నిండింది. కొలత అడుగున ఇంకా నీళ్లు మిగిలాయి. పిల్ల పకపకా నవ్వింది. సీసా కంపెనీవాడు తక్కువ పోసి అమ్ముతున్నాడని మునస్వామి కూడా నవ్వాడు. ఇంకో కంపెనీ సీసా తీసింది. అందులోనూ పట్టలేదు. మూడోదీ అంతే. పట్నపువాళ్లందరూ దొంగలేనని తాతా మనవరాలూ కలిసి తేల్చారు.

మునస్వామి అర కొలత తోముతూ ఉండిపోయాడు. పిల్ల పావుతో కాసేపు, అరతో కాసేపు ఆడింది. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. చప్పుడు చేయని పిల్ల ఏదో చెడగొడుతోందని తల ఎత్తి చూశాడు. జెస్సీ లీటరు కొలతలోకి తొంగి చూస్తోంది.

"తాతా, అర, అర కలిస్తే ఒకటి గదా?"

"అవును."

"కలవలేదు."

అతను నవ్వబోయి, ఆ కొలతలోకి చూశాడు. నీళ్లు అంచుకు ఒక వేలు కిందనే ఉన్నాయి.

"సరిగ్గా పోసుండవు. మళ్లీ పొయ్యి."

పోసింది. అంతే. అతనే అర కొలత తీసుకుని, పాలు కొలిచినట్టే అంచు చూసి, చివరి చుక్క దాకా ఆగి రెండుసార్లు పోశాడు. అంతే. అరతో రెండుసార్లు సీసాలో పోశాడు. ఒకటి, రెండు, మూడు సీసాల్లోనూ మెడ దాకా సరిగ్గా సరిపోయింది. సీసాలు దొంగలు కావు. అర కొలత దొంగ కాదు. పదిహేడేళ్లలో అతను ఎప్పుడూ అరను లీటరులో పోసి చూడలేదు. పాలు లీటరుతో మొదలై అరతో, పావుతో ముగుస్తాయి. వెనక్కి తిరిగి పోసే అవసరం ఎవరికీ రాదు, ఆడుకునే పిల్లకు తప్ప.

నాగులమ్మ దగ్గుకు తాగి పడేసిన టానిక్కు సీసా ఒకటి జెస్సీ సీసాల మధ్య ఉంది. దాని నిండా నీళ్లు పట్టి పిల్ల కొలతలో పోసింది. నీళ్లు లేచి అంచును తాకి ఆగాయి.

"ఇప్పుడు నిండింది. రెండు అరలు, ఒక టానిక్కు," అంది జెస్సీ, లెక్క కుదిరినందుకు సంబరంగా.

మునస్వామి కొలతను చేతిలోకి తీసుకున్నాడు. కాడ గిన్నెకు అతికిన చోట గట్టిగా ఒక బొడిపె ఉంది. రోజూ బొటనవేలితో రుద్దే బొడిపే. తొమ్మిదేళ్ల కిందట కాడ విరిగితే ధనంజయ చిత్తూరు తీసుకెళ్లి మాటు వేయించుకొచ్చాడు. వెనకటి గిన్నెకు అంచు దగ్గర సొట్ట ఉండేది. మొదటి ఏడే వ్యాను మెట్టు మీద నుంచి బండ మీద పడితే పడిన సొట్ట, బొటనవేలు సరిగ్గా పట్టేంత. కొలత ఎత్తినప్పుడు వేలు తనంతట తానే అందులో కూర్చునేది. మాటు వేయించుకొచ్చాక సొట్ట లేదు. దాన్ని కూడా తీయించానని ధనంజయ చెబితే, అడగని పని కూడా చేయించాడని మునస్వామి మురిసిపోయాడు. ఆ తర్వాతే భుజం సలపడం మొదలైంది. ఇప్పుడు గుర్తొస్తోంది.

తొమ్మిదేళ్లు. రోజుకు రెండు పూటలు. ఒక్కొక్క లీటరుకు ఒక్కొక్క టానిక్కు సీసా. వానలు మొహం చాటేసి, చెనక్కాయ చేలోనే మాడిపోయిన ఈ రెండేళ్లలో ఆ పాలే పల్లెకు గంజి. తన చేత్తో తీశాడు. పోలేరమ్మ బక్కెట్టులోంచి, నాగులమ్మ బక్కెట్టులోంచి, తన చేత్తోనే తీశాడు.

వెంటనే కేంద్రం వీధిలో నిలబడి అరిచి చెప్పి ఉండాల్సింది. ఇంకెవరైనా అదే చేసేవాళ్లు. మునస్వామికి అది తోచలేదు. తోచినవాడు చిత్తూరులో మాటు వేసినవాడు. గిన్నె మార్చి ధనంజయను మోసం చేశాడు పాపిష్టివాడు అనుకున్నాడు. ముందు ధనంజయకు చెప్పాలి. ఊరి ముందు ఆ అబ్బికి తలవంపులు రాకుండా చూడాలి. ఎందుకంటే ధనంజయ అతనికి ఏజెంటు మాత్రమే కాదు. వాళ్లింట్లో మునస్వామి ముప్పై ఏళ్లు జీతానికి ఉన్నాడు. ధనంజయ అయిదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు పశువుల కొట్టం ముందు ఇసకలో కొబ్బరిచిప్పతో కొలవడం నేర్పింది అతనే. ఇప్పుడు జెస్సీతో ఆడే ఆటే అది. ముందు కంటితో, తర్వాత చేత్తో. ఓడితే మోయాలి. ఆ పిల్లవాడిని కొట్టం నుంచి వంటింటి గడప దాకా ఎన్నిసార్లు మోశాడో లెక్కలేదు.

టానిక్కు సీసాలో నీళ్లు పట్టించి, బిరడా బిగించి చొక్కా జేబులో వేసుకున్నాడు. లీటరు కొలతను తువ్వాలులో చుట్టి ఎండలోనే బయల్దేరాడు. ఆట మధ్యలో పోతున్నాడని జెస్సీ మూతి ముడుచుకుంది.

ధనంజయ భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. మునస్వామి మెట్టు కింద నిలబడి అంతా చెప్పాడు. అరలు, సీసాలు, ఒక వేలు వెలితి. చెబుతున్నంతసేపూ తిట్టింది చిత్తూరువాణ్ణే.

"గిన్నె మార్చేసినాడప్పా వాడు. నిన్ను మోసం సేసినాడు."

ధనంజయ తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. తర్వాత లోపలికి తిరిగి కాఫీ తెమ్మన్నాడు. వసారాలో ఉన్న కుర్చీ తనే జరిపాడు.

"కూర్చో మామా."

ముప్పై ఏళ్లు జీతం చేసిన ఇంట్లో మునస్వామి కూర్చున్నది మెట్ల మీదే. కుర్చీ ఎన్నడూ లేదు. మామా అన్న పిలుపు కూడా, ధనంజయకు మీసాలొచ్చాక పోయింది. అప్పటి నుంచి మునస్వామీ అనే. రెండూ ఒకేసారి వచ్చేసరికి ముసలాయన కళ్లు చెమర్చాయి. అనవసరంగా ఏమేమో ఆలోచించానని లోపల సిగ్గుపడ్డాడు కూడా.

"ఎవరికైనా చెప్పినావా?"

"నీకు సెప్పకుండా ఎట్ల సెప్తా?"

"మంచి పని చేసినావు. దాన్ని ఈడ పెట్టిపో. సాయంత్రానికి కొత్తది పెట్టిస్తా. ఊరికి నేనే చెప్తాలే, నువ్వు నోరిప్పొద్దు."

కొలత అక్కడ పెట్టి, కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చాడు. సగం దారిలో జేబులో సీసా తగిలింది. దాన్ని చూపించడం మరిచిపోయాడు. ఎంత ఎక్కువని ధనంజయ అడగలేదు. అడిగుంటే చూపించేవాడు. కొలత తప్పిందంటే ఎవరైనా ముందు అడిగేది ఎంత అని కదా. ఆ ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. దులిపేసుకుని నడిచాడు. ఇంటికొచ్చి సీసా తిన్నె పక్క గోడ గూట్లో పెట్టి, ఒక కునుకు తీశాడు.

సాయంత్రం అరా పావూ తువ్వాలులో కట్టుకుని అతను వెళ్లేసరికి కేంద్రం ముందు వరస లేదు. గుంపు ఉంది. క్యాను దగ్గర అతను నిలబడే చోట ఎల్లప్ప నిలబడి ఉన్నాడు. ఎల్లప్ప ధనంజయ బోరు దగ్గర మోటారు చూసుకునేవాడు. చేతిలో లీటరు కొలత ఉంది. ధనంజయ బల్ల ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. మునస్వామిని చూసి ఆపలేదు, గొంతు మాత్రం కొంచెం తగ్గించాడు.

"కొలత రోజూ ఇంటికి తీసుకుపోతా ఉంటే నేనేమనుకుంటా? తోమేదానికేమో అనుకున్నా. ఇన్నేండ్లు నా కండ్లు కూడా కప్పినాడు. పొద్దున్నుంచి నా మనసు మనసులో లేదు. సరే, పెద్దోడు, మా కొట్టంలో బతికినోడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనొద్దండి. ఇంకమీదట ఇదిగో, కొత్త కొలత."

మునస్వామికి మొదట ఆ మాటలు ఎవరి గురించో అర్థం కాలేదు. అందరి తలలూ తన వైపు తిరిగాక అర్థమైంది. అవును, రోజూ ఇంటికి తీసుకెళ్లాడు. వీధిలో అందరూ చూస్తుండగానే, తువ్వాలులో కట్టుకుని, పదిహేడేళ్లు. తోమాడంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు? ఏ పనికి తన మనసులో తనే మురిసిపోయేవాడో ఆ పనే మెడకు చుట్టుకుంది.

అప్పటికీ అతని మనసు ఒప్పుకోలేదు. ధనంజయకు ఎవరో తప్పుగా చెప్పుంటారు, పక్కకు పిలిచి మాట్లాడితే సర్దుకుంటుందని ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పుడు ఎల్లప్ప చేతిలో కొలత కనిపించింది. మెరుస్తోంది. అంచు దగ్గర, బొటనవేలు పట్టేంత సొట్ట.

తొమ్మిదేళ్ల కిందటి గిన్నె. పారేయలేదు. దాచుకున్నాడు. ఆదివారం పూట చిత్తూరులో అంగడి తెరిపించాల్సిన పని లేకుండా, ఇంట్లోంచే తెచ్చాడు. ఏడాదికొకసారి తూనికల ఆఫీసువాళ్లు చూసిపోవడానికి వచ్చే రోజు "నువ్వు ఇంటి దగ్గర ఉండు, భుజానికి కాస్త విశ్రాంతి" అని ధనంజయ సెలవిచ్చేవాడు. ఆ ఒక్కరోజు బల్ల మీదికి వచ్చేది ఈ గిన్నే అన్నమాట. ఆ దయ ఏమిటో, పుస్తకంలో రాయకుండా క్యానుకు మూడేసి లీటర్ల డబ్బు ఎవరికి పోతోందో కూడా ఆ సొట్టలోనే కనిపించింది.

చిత్తూరువాడు ఏ పాపమూ ఎరగడు. పొద్దున్నుంచి వాణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. మునస్వామి జీవితంలో మోసాలు లేకపోలేదు. జీతం ఎగ్గొట్టినవాళ్లు, వడ్లలో తాలు కలిపి పోసినవాళ్లు, ఎందరో. వాళ్లెవరికీ అతను కొలవడం నేర్పలేదు. ఎవరినీ భుజం మీద మోయలేదు.

"అది కొత్తది కాదమ్మా," అన్నాడు గుంపు వైపు తిరిగి. "నా సెయ్యి తప్పు సేసింది గానీ నేను సెయ్యలేదు. ఆ గిన్నె..."

పోలేరమ్మ బక్కెట్టు కింద పెట్టి ముందుకొచ్చింది. ఆమె అరుస్తుందని అందరూ అనుకున్నారు. అరవలేదు. అతని కుడి చేతి వంక చూస్తూ మెల్లగా అడిగింది.

"వడ్ల రాశిని సూసి ఎన్ని బస్తాలో సెప్పే మనిషివి. ఇన్నేండ్లు నీ సెయ్యికి తెలీలేదా మునస్వామీ?"

చెయ్యికి తెలుసు. తొమ్మిదేళ్లుగా రోజుకు రెండు పూటలా అది చెబుతూనే ఉంది. అతనే దానికి నువ్వుల నూనె రాసి పడుకోబెట్టాడు. సొట్ట గురించి చెప్పాల్సినవాడు తన కుడి చేతి వంకే చూసుకుంటూ నిలబడ్డాడు. అది చూసి గుంపు తనకు కావలసింది తేల్చుకుంది. ధనంజయ తల వంచుకుని పుస్తకం తెరిచాడు. మునస్వామి కళ్లలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

"రాండమ్మా, పాలు విరిగిపోతాయి," అన్నాడు ఎల్లప్ప. ఒక్కొక్కరే వరసలోకి జరిగారు. పోలేరమ్మ కూడా జరిగింది. ఏం చేస్తుంది, పాలు ఇంకెక్కడ పోస్తుంది? ఎల్లప్ప కొలత పట్టాడు.

"ఒకటి... రెండు..."

వరస మధ్యలో నాగులమ్మ నిలబడి ఉంది. ఆమె వంతు వచ్చింది. బక్కెట్టు ఎత్తింది. ఎత్తినదాన్ని మళ్లీ చంకకు ఆనించుకుని, వరసలోంచి బయటికొచ్చి, ఇంటి వైపు నడిచింది. మునస్వామి తువ్వాలు విప్పి, అర కొలతనూ పావు కొలతనూ బల్ల మీద పెట్టి ఆమె వెనకే నడిచాడు. దారిలో ఒకచోట ఆమె ఆగి, బక్కెట్టు ఎడమ చేతిలోకి మార్చుకుని, "నీ సంగతి నాకు తెల్దా?" అంది. అంతే.

ఆ పూట పాలన్నీ తోడేసింది నాగులమ్మ. మునస్వామి తిన్నె మీద కూర్చున్నాడు. పొద్దున ఆడిన నీళ్లు తొట్టిలో అట్లాగే ఉన్నాయి. వీధిలో పిల్లలు అప్పుడే ఏదో చెప్పినట్టున్నారు. జెస్సీ వచ్చి పక్కన కూర్చుని, చాలాసేపు కాలి వేలితో నేల గీకింది.

"నేను అర, అర పోసుండకపోతే బాగుండును గదా తాతా?"

"లేదుమ్మా. పోసినావు. ఎంతొచ్చిందో అంతే సెప్పినావు. ఎప్పుడూ అంతే సెప్పాల."

"మళ్లీ ఆడుదామా? తిన్నె కొలుద్దాం. నువ్వే కంటితో చెప్పు."

అతను తిన్నె వంక చూశాడు. రోజూ చూసే తిన్నె. ఎన్ని జానలో కంటికి తోచలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, వేళ్లు చాపించి, దాని జానతోనే కొలిపించాడు. పదకొండు వచ్చింది. ఓడినవాళ్లు ఎవరూ లేకపోయినా పిల్లను భుజానికెత్తుకుని గడప దాకా మోశాడు, ఎడమ భుజం మీద.

మరునాడు పాలపూట వేళకు కేంద్రం దారిలో కాకుండా బస్సు దారిలో నడిచాడు. కొడుకు దగ్గరికి పోయొస్తానని నాగులమ్మతో చెప్పాడు. ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు. ఒక సంచీ, రెండు పంచెలు, నూనె సీసా. పాకాలలో బస్సు మారి తిరుపతి చేరాడు. మునిచంద్ర పనిచేసే సత్రంలోనే మొక్కలకు నీళ్లు పోసే పనికి కుదిరాడు. కొండెక్కే జనాన్ని చూస్తూ కాలం వెళ్లబుచ్చాడు. నీళ్లు ఎన్ని బక్కెట్లు పోశాడో ఎవరైనా అడిగితే, చాలినన్ని అనేవాడట. పల్లెకు మళ్లీ రాలేదు. వెళ్లిన తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం మొక్కల దగ్గరే కూర్చుని పోయాడు. కబురు తెలిసిన పూట కూడా కేంద్రంలో పాలు పోశారు. క్యాను నలభై కొలతలకు నిండింది. సంతకు పోయినప్పుడు పోలేరమ్మ మాత్రం ఒకసారి నాగులమ్మ ఇంటి ముందు ఆగి, లోపలికి రాకుండా వెళ్లిపోయింది.

నాగులమ్మ ఇప్పుడు పాలు రెండు మైళ్ల అవతల వేరే ఊళ్లో పోస్తుంది. జెస్సీ మూడో తరగతికి వచ్చింది. బడిలోనూ, ఇంట్లోనూ ఒకటి అనే లెక్కపెడుతుంది. తిన్నె పక్క గోడకు రెండుసార్లు సున్నం కొట్టారు. సున్నం కొట్టిన రెండుసార్లూ గూట్లోని టానిక్కు సీసాను తీసి, మళ్లీ అక్కడే పెట్టారు. బిరడా గట్టిగా బిగించి ఉండటంతో ఆ నీళ్లు ఇంకా తగ్గలేదు.